మొన వైపు జానెడున్నర

కుట్టుమిషనావిడ చెప్పిందట, మొన్న మధ్యాహ్నం కొలిమిలోంచి చిచ్చుబుడ్డి వెలిగించినట్టు తెల్లటి రవ్వలు వీధిలోకి ఎగిరిపడ్డాయని. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఎవరిదో జాకెట్టుకి కాజాలు కుడుతోందట. ఒక రవ్వ తిన్నగా వచ్చి ఒళ్లోని గుడ్డ మీద పడి శనగగింజంత చిల్లు పెట్టిందట. జాకెట్టు మనిషికి ఏం చెప్పుకోవాలో తెలియక ఆవిడకి రెండ్రోజులుగా అన్నం సయించడం లేదట. "అయినా మీ ఆయన కష్టం చూస్తే ముచ్చటేసింది. చెల్లెలు ఊళ్లో లేకపోయినా ఒక్కడే చెమటలు కక్కుతూ ఆమె పని కూడా చేసిపెడుతున్నాడు" అని పాల దుకాణం దగ్గర వదినతో అన్నదట.

మొగుడి మీద పడిన మెచ్చుకోలు వదినకి తీపి. తీపి మాటని కడుపులో దాచుకునే అలవాటు ఆమెకి లేదు. పొద్దున్నే ఆడపడుచు గుమ్మం ఎక్కగానే టీ గ్లాసు చేతికిస్తూ, పొల్లుపోకుండా అప్పజెప్పింది.

చెల్లెలు గ్లాసు అందుకుంది గానీ నోటి దాకా తీసుకెళ్లలేదు.

"రవ్వలు తెల్లగా ఉన్నాయందా?"

"తెల్లగానే అంది. రవ్వల్లో రంగులేంటమ్మాయ్, చీరలా ఏమన్నా?"

"ఏ రోజు?"

"నువ్వు ఒర చేయించుకురావడానికి వెళ్లావు చూడు, దాని మర్నాడు."

అన్న చేసిన తిన్నటి కత్తి పూర్తయి అప్పటికే వారం దాటింది. దానికి మిగిలిందల్లా పిడికి తోలు చుట్టడం, అడ్డకడ్డీ అంచులు ఆకురాయితో నునుపు చేయడం. ఆ పనికి కొలిమి రాజేయక్కర్లేదు. ఇనుము ఎర్రబడినంత మాత్రాన అలా రవ్వలు చిమ్మదు. కాలిపోవడానికి సిద్ధమై, చూసేవాడి కళ్లు గుంజేంత తెల్లగా కాగితేనే చిటపటమని చిమ్ముతుంది. మరి మొన్న మధ్యాహ్నం ఆ నిప్పులో ఉన్నదేమిటి?

గ్లాసు గట్టు మీద పెట్టేసి, చెప్పులైనా వేసుకోకుండా పెరటి గుమ్మంలోంచి కొలిమిలోకి నడిచింది.

*

ఆ కొలిమి వాళ్ల నాన్నది. ముందు గది ఇల్లు, వెనక గది కొలిమి, కొలిమికి పక్క వీధిలోకి ఒక తలుపు. చెల్లెలి కాపురం రెండు వీధుల అవతల. అయినా రోజూ పొద్దున్నే వచ్చేది, చిన్నప్పుడు తిత్తి ఊదడానికి వచ్చినట్టే. అందుకే అన్నకి ఆమె ఇప్పటికీ "తిత్తి". నలభై దాటి, కనుబొమల వెంట్రుకలు సగం నిప్పుకి ఇచ్చేసినా, ఆ పేరు మాత్రం పోలేదు.

ఆర్నెల్ల క్రితం మ్యూజియం నుంచి ఒకావిడ వచ్చింది. ఏ వస్తువు కనిపించినా దానికో చీటీ రాసి అంటించేది కాబట్టి ఇంట్లో అందరూ ఆవిడని చీటీల మేడం అనేవారు. వాళ్ల అద్దాల పెట్టెల్లో ఏడెనిమిది వందల ఏళ్లనాటి కత్తులున్నాయి. కొన్ని యూరప్ గుర్రపు యోధులవి, కొన్ని అరబ్బు, పారసీక దేశాల సుల్తానుల సైన్యాలవి. అన్నీ తుప్పు తిని నల్లబడిపోయాయి. అవి కొత్తలో ఎలా మెరిసేవో, ఎలా తయారయ్యేవో జనానికి చూపించడానికి, పాత పద్ధతిలోనే రెండు కొత్త కత్తులు చేసిపెట్టమంది. ఒకటి తిన్నటిది, ఒకటి వంపుది. రెండూ పక్కపక్కన పెడతారట.

తిన్నటిది అన్న తీసుకున్నాడు. అతని చేతికి అలవాటైన పని అది. మెత్తటి ఇనుప కడ్డీలు, గట్టి ఉక్కు కడ్డీలు కట్టగట్టి, తాడు పేనినట్టు మెలిపెట్టి, అతుకు పట్టడానికి వెలిగారం చల్లి, తెల్లటి వేడిలో సమ్మెటతో కొట్టి ఒకటిగా అతకాలి. రెండు వైపులా ఉక్కు అంచులు అతకాలి. నడుమ పొడుగునా గాడి తీయాలి. జనం దాన్ని నెత్తురు కాలవ అనుకుంటారు గానీ, అది బరువు తగ్గించే ఉపాయం, అంతే. చేతికి అడ్డంగా కడ్డీ, పిడి చివర ఇనుప గుండు. ఆ గుండు లేకపోతే మొన బరువు మణికట్టుని దిగలాగుతుంది. అన్న ఆ కత్తిని దివ్యంగా చేశాడు. కోపంలో కూడా చెల్లెలు ఆ మాట కాదనలేదు.

వంపుది ఆమె తీసుకుంది. దానికి అతుకు అనేదే లేదు. మట్టి మూసలో ఇనుము, బొగ్గుపొడి, పచ్చి ఆకులు వేసి, మూతకి మట్టి మెత్తి, లోపల అంతా నీరులా కరిగేదాకా ఊది ఊది, ఆపైన ఒక పూటంతా బూడిదలో చల్లారనిస్తే, సగానికి కోసిన పంపరపనసంత ఉక్కు ముద్ద వస్తుంది. ఆ ఒక్క ముద్దనే సాగదీసి కత్తి చేయాలి. సరిగా చేస్తే, మెరుగుపెట్టి ద్రావకం పూసినప్పుడు, ఏరు తీసిన ఇసుక మీద మిగిలే గీతల్లాంటి అలలు ఆ ఉక్కు మీద పైకి తేలతాయి. ఎవరో చెక్కినవి కావు, ముద్ద పుట్టినప్పుడే దాని కడుపులో ఉన్నవి. దానికి ఒకటే షరతు. కోడిపుంజు జుట్టు ఎరుపు దాటి వేడెక్కకూడదు. దాటిందంటే అలలు కరిగిపోతాయి. ఇంకా ముదిరితే సుత్తి దెబ్బకి ఉక్కే పొడి అయిపోతుంది.

నాన్న అలాంటివి మూడు ముద్దలు తీశాడు. అప్పటికే ఆయనకి ఊపిరి అందడం లేదు, సమ్మెట ఎత్తలేడు. మొదటి రెండూ కొడుక్కిచ్చాడు. రెండూ దాగలి దిమ్మ మీద బెల్లం గడ్డల్లా పొడిపొడి అయిపోయాయి. "నాన్న ఉక్కు కుళ్లు ఉక్కు" అని అన్న నవ్వుతూ వీధిలో పదిమందికీ చెప్పాడు. పదిమందీ నవ్వారు. మంచం మీద నాన్నకీ వినిపించింది. ఆయన మూడో ముద్దని గుడ్డలో చుట్టి కూతురి చేతిలో పెట్టి, "తలుపేసుకుని చెయ్యి" అన్నాడు. తలుపేస్తే చీకట్లో ఎరుపు ఎంత ఎరుపో కంటికి తెలుస్తుంది. ఎండలో ఆ ఎరుపు పాలిపోయి కనపడుతుంది, ఇంకా కాగలేదనుకుని మనిషి ఊదుతూనే ఉంటాడు. ఆ తర్వాత ఎన్నాళ్లో బతకలేదు ఆయన. మూస పాళ్లు ఏ కాగితం మీదా లేవు.

ఎనిమిదేళ్లు ఆ ముద్దని ముట్టలేదు చెల్లెలు. ఈ కత్తి కోసం ముట్టింది. నాలుగు నెలలు తలుపేసుకుని, చిన్న సుత్తితో, కోడిజుట్టు ఎరుపులో, గోరంత గోరంత సాగదీసింది. అలలు తేలితే నాన్న ఉక్కు మంచిదని వీధికి తెలుస్తుంది. తేలకపోతే ఇక చెప్పుకోవడానికి ముద్దంటూ మిగల్లేదు.

*

నాన్న పెట్టెలో కత్తి పెట్టినచోటే ఉంది. నూనెగుడ్డ మాత్రం కమురు వాసన కొట్టింది.

గుడ్డ విప్పి కత్తిని కిటికీ వెలుతురుకి పట్టింది. పిడి దగ్గర్నుంచి తను పెట్టిన మెరుగు గీతలు పొడుగునా సన్నగా సాగాయి. మొన ఇక జానెడున్నర ఉందనగా ఆగిపోయాయి. అక్కణ్నుంచి గీతలు అడ్డంగా ఉన్నాయి. ఆకురాయి అడ్డంగా లాగే చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే.

కొత్త ఒర తీసింది. తిన్నటి కత్తికి ఒర కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. వంపు కత్తికి అలా కుదరదు, ఏ కత్తి ఒర ఆ కత్తికే. అందుకే తను కత్తి వంపుని చెక్క మీద గీసి, కోసి, ఆ చెక్కని పట్టుకెళ్లి తోలుపనాయన పక్కన మూడు రోజులు కూర్చుని చేయించింది. కత్తి మొనని ఒరలోకి దించింది. సగం దాకా జారి, టక్కున ఆగింది. మళ్లీ తీసి మళ్లీ దించింది. మళ్లీ అక్కడే ఆగింది.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంటే తిత్తీ, పొద్దున్నే బుస కొడుతున్నావు?" తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అన్న లోపలికి వచ్చాడు.

"దీన్ని ముట్టుకున్నావా?"

"దేన్ని?"

"ఊరి గోపురాన్ని! చేతిలో ఏముందో కనపడట్లా?"

"నీ వంకర కత్తిని నేనెందుకు ముట్టుకుంటాను? ముట్టుకుంటే అలుగుతుందిగా, కొత్తపెళ్లికూతురు."

"మొన్న మధ్యాహ్నం కొలిమి ఎందుకు వెలిగించావు?"

అన్న ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణమే ఆమెకి చాలు.

"అదా. ఎవరిదో గేటు మడతబందు విరిగితే అతికిచ్చాను."

"ఎవరిది?"

"ఎవరిదో. పేరు పెట్టి పిలిచి పేరంటం పెడతానా? వెనక వీధి వాడు."

"గేటు మడతబందుకి నా నూనెగుడ్డ చుట్టావా? కమురు కంపు కొడుతోంది చూడు. ఒర సగానికి ఆగిపోతోంది చూడు. ఈ గీతలు చూడు, అడ్డంగా, మేక గడ్డి పీకినట్టు. ఇవి నా గీతలా?"

"తోలుపనాయన ఒర పాడుచేసి ఉంటాడు. ఇంతెత్తు లేవకు. మేడం వచ్చే వేళయింది, ముఖం కడుక్కో, మసి ఉంది."

"నా ముఖం సంగతి తర్వాత. నిజం చెప్పు అన్నయ్యా."

"చెప్పాగా!" అని అతనూ గొంతు పెంచాడు. సరిగ్గా అప్పుడే వీధి తలుపు దగ్గర కారు ఆగింది. గొంతు పెంచినవాడు గొంతులోనే పంచదార కలుపుకుని, "రండి మేడం, రండి, మీ కోసమే చూస్తున్నాం" అంటూ ఎదురెళ్లాడు.

*

చీటీల మేడం భుజాన కెమెరా, చేతిలో చీటీల కట్ట. ద్రావకం పూసేటప్పుడు అలలు తేలడాన్ని ఫొటోలు తీయాలని ఆ పని తను వచ్చేదాకా ఆపమని ముందే చెప్పింది. రాగానే తిన్నటి కత్తిని రెండు చేతులా ఎత్తి, "అబ్బ!" అంది.

"చూడండి మేడం, ఇక్కడ వేలు పెట్టి ఎత్తండి" అన్నాడు అన్న. అడ్డకడ్డీకి నాలుగు వేళ్ల అవతల ఆమె చూపుడువేలు మీద కత్తి త్రాసుముల్లులా నిలబడింది. "గుండు పని అది. రెండు అంచులు. ఒకటి మొద్దుబారితే తిప్పి రెండోదానితో కొట్టొచ్చు. పొడవొచ్చు, నరకొచ్చు. పైనుంచి కిందిదాకా ఇనుప చొక్కా తొడుక్కున్నవాడి మీద వంకరది ఏం చేస్తుంది? జారి పక్కకి పోతుంది."

"నేనూ అలాగే రాశాను" అని మేడం చీటీ చదివింది. "తిన్నటి కత్తి పోటుకీ నరకడానికీ. వంపు కత్తి కోతకి. తిన్నటిది పడమటివాళ్లది, వంపుది సుల్తానులది."

"రెండో ముక్క తప్పు" అంది చెల్లెలు. ఆమె గొంతు ఆకురాయిలా ఉంది. "ముందు సుల్తానుల వాళ్లూ తిన్నటి కత్తులే పట్టారు, చాలా కాలం. గుర్రాల మీద బతికేవాళ్లు వచ్చి కలిశాక వంపు వచ్చింది. పరిగెత్తే గుర్రం మీంచి కొడితే తిన్నటిది గుచ్చుకుని చేతిని ఊడబెరుకుతుంది. వంపుది కోసుకుంటూ జారి బయటికొస్తుంది. పడమట కూడా వంపువి లేకపోలేదు. మీ మ్యూజియంలో కుడివైపు మూల పెట్టెలో చూడండి, మాంసం కొట్టే కత్తిలాంటిదొకటి పడుకుని ఉంటుంది, అది వాళ్లదే."

మేడం చీటీ మీద గీత కొట్టింది. "మీ చెల్లెలు నా ఉద్యోగానికి ఎసరు పెట్టేట్టుందండీ" అని నవ్వింది. అన్న కూడా నవ్వాడు, కాస్త ఎక్కువే. చెల్లెలు నవ్వలేదు. కత్తిని చెక్కబల్ల మీద పెట్టి, గిన్నెలో ద్రావకం పోసి, దూది ముంచింది.

పిడి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఒక పూత. కడిగి, తుడిచి, ఇంకో పూత. ఉక్కు ముందు పొగచూరినట్టు మసకబారింది. తర్వాత ఆ మసకలోంచి సన్నగా ఒక గీత లేచింది. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే జానెడు మేర గీతలన్నీ కలిసి అలలై, మెలికలు తిరిగి, ఒకదాన్నొకటి తోసుకుంటూ కత్తి పొడుగునా పరుచుకున్నాయి. మేడం కెమెరా టక్ టక్ మంటూనే ఉంది. వదిన టీ తెచ్చి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. "అమ్మో, కదులుతున్నట్టే ఉన్నాయి" అంది.

చెల్లెలి కళ్లు చెమ్మగిల్లాయి. తుడుచుకోలేదు. దూదిని ముందుకి జరిపింది.

మొన ఇక జానెడున్నర ఉందనగా అలలు పలచబడ్డాయి. నాలుగు వేళ్ల మేర కొనఊపిరితో కొట్టుకున్నాయి. ఆ తర్వాత ఏమీ లేదు. రేకు డబ్బా మూతలా చప్పటి బూడిదరంగు. రెండో పూత వేసింది, మూడో పూత వేసింది. బూడిదరంగు ఇంకాస్త బూడిదరంగు అయింది, అంతే.

మేడం కెమెరా దించింది. "ఇదేంటి? ఇక్కడ ఇంకో ఇనుము అతికారా? అతుకు లేని కత్తి అని కదా మనం చెబుతున్నది?"

అప్పుడు అన్న గొంతు సవరించుకున్నాడు.

"మా చెల్లెలి తప్పేం లేదు మేడం. పాపం బాగానే చేసింది. మా నాన్న ఉక్కే అంత. సగం మంచి, సగం కుళ్లు. అంతకుముందు రెండు ముద్దలు నా చేతిలోనే పొడి అయిపోయాయి. పెద్దాయన, ఆయన సరదా ఆయనది. నేను అప్పుడే చెప్పాను, ఈ ముద్దల్ని నమ్ముకోవద్దని."

చెల్లెలు దూదిని గిన్నెలో పడేసింది. ద్రావకం చిట్లి బల్ల మీద పడింది.

అంతవరకూ ఆమె కోపం ఒక కత్తి గురించి. ఇప్పుడు ఎనిమిదేళ్ల వెనక్కి పాకింది. రెండు ముద్దలు. వీధి తలుపు బార్లా తెరిచి, పట్టపగలు, సమ్మెటతో. ఆ రోజు కూడా వీధిలో పిల్లలు రవ్వలు చూసి చప్పట్లు కొట్టారు. ఆమెకి బాగా గుర్తుంది. తనూ అప్పుడు తిత్తి ఊదుతూ, నాన్న ఉక్కు ఇంతేనేమో అనుకుంది.

"ఒక్క నిమిషం ఉండండి మేడం గారూ" అంది.

పెట్టెలోంచి చిన్న గుడ్డమూట తీసింది. అందులో వేలెడంత ఉక్కు ముక్క. పిడిలోకి దిగే తోక ఎక్కువైతే కోసి దాచుకున్నది. ఆ ముద్దలో కత్తి కాకుండా మిగిలింది ఈ భూమ్మీద అదొక్కటే. దాన్ని రుద్ది, ద్రావకం పూసి మేడం అరచేతిలో పెట్టింది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అలలే.

"ఇదీ అదే ముద్ద. కుళ్లు ఎక్కడుంది?"

"ఎక్కడుందని వెతుకుతాం? మంచివైపు ముక్క కోసుకుని ఉంటావు" అన్నాడు అన్న.

"సరే." ఆమె వెళ్లి వీధి తలుపు బార్లా తెరిచింది. ఎండ భళ్లున లోపల పడింది. కొలిమిలో బొగ్గులు పోసి, పంకా మీట నొక్కింది. ముక్కని పట్టుకారుతో ఒక చివర పట్టుకుని రెండో చివర నిప్పులో గుచ్చింది.

"ఏయ్, ఏం చేస్తున్నావు?" అన్న ఒకడుగు ముందుకేశాడు. "ఉన్నది అదొక్కటేగా! అదీ పోగొట్టుకుంటావా?"

"పోతుందని నీకెలా తెలుసు? కుళ్లు ఉక్కు అన్నావుగా. నిప్పుదేం తప్పు లేనట్టేగా."

మేడం ఒకరి ముఖంలోంచి ఒకరి ముఖంలోకి చూసింది. ముక్క ఎర్రబడింది, నారింజ అయింది, పసుపు తిరిగింది. ఆ ఎండలో ఆ పసుపు కూడా చల్లగానే కనబడింది. ఆమె ఆగలేదు. తెల్లబడింది. చిటపటమంటూ రవ్వలు లేచి గుమ్మం దాటి వీధిలో పడ్డాయి. ఎదురింటి కుట్టుమిషను ఠక్కున ఆగింది. "మళ్లీనా!" అని ఆవిడ ఒడిలోని గుడ్డలన్నీ ఎత్తుకుని లోపలికి పరిగెత్తింది.

చెల్లెలు ముక్కని తీసి దాగలి మీద ఆనించింది.

"కొట్టు."

"నేనెందుకు..."

"ఆ రెండింటినీ కొట్టిన చెయ్యి నీదేగా. కొట్టు అన్నయ్యా. సమ్మెట అక్కర్లేదు, సుత్తి చాలు."

వదిన గుమ్మంలోంచి, "అమ్మాయ్, ఇప్పుడెందుకమ్మా ఇదంతా" అంది. ఎవరూ ఆమెవైపు చూడలేదు. మేడం చూస్తోంది. కాదనడానికి అతనికి దారి లేదు. సుత్తి తీసుకుని, ముద్దు చేసినట్టు మెల్లగా ఒక దెబ్బ వేశాడు.

తెల్లటి చివర బెల్లం గడ్డలా చితికి, పొడిపొడిగా దాగలి చుట్టూ రాలింది. పట్టుకారులో మిగిలిన అంగుళం ముక్కని ఆమె చల్లార్చి, రుద్ది, ద్రావకం పూసింది. నిప్పుకి ఎడంగా ఉన్న చివర అలలున్నాయి. విరిగిన వైపు చప్పటి బూడిదరంగు. బల్ల మీది కత్తికి తోడబుట్టినట్టు.

"ఇప్పుడు చెప్పు, మొన్న నిప్పులో పెట్టింది ఏ గేటు మడతబందు?"

అన్న సుత్తిని దాగలి మీద పెట్టాడు. జారి కింద పడింది. తీయలేదు.

"మేడం ఇచ్చిన పాత కత్తి బొమ్మతో కొలిచాను" అన్నాడు నేలవైపు చూస్తూ. "మొన దగ్గర వంపు బొటనవేలంత తక్కువుంది. ఆవిడ చూస్తే నీకు మాటొస్తుందని, కాస్త కాల్చి రెండు దెబ్బలు వేశానంతే. రెండే రెండు దెబ్బలు. నా చేతికి తెలిసిన వేడి అదే. చీకట్లో కూర్చుని కోడిజుట్టు రంగులు చూసే ఓపిక నాకు లేదు, నీకు తెలుసు."

"ఏ రెండు పాత కత్తుల వంపులూ ఒకటి కావు. ముద్ద ఎంత సాగితే అంత వంపు. నన్నొక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని."

"నువ్వు ఊళ్లో లేవు."

"మూడు రోజులు లేను. చచ్చిపోలేదు."

"పొరపాటైంది. అది కాదనను."

"కత్తి పొరపాటు. మరి ఇందాక చెప్పింది? నాన్న ఉక్కు కుళ్లని నిండు నోటితో చెప్పావు, ఆవిడ ముందు, నీ చేత్తో కాల్చి కూడా. ఆయన మంచం మీద ఉండగా చెప్పావు, ఆయన పోయాక కూడా చెప్పావు. రెండు ముద్దలూ నువ్వే కాల్చి ఆయన్ని వీధిలో నవ్వులపాలు చేశావు. ఆయన నా చేతిలో ముద్ద పెట్టేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకున్నాడు, తెలుసా నీకు? నేను కూడా నవ్వానేమోనని."

అన్న చెవులు ఎర్రబడ్డాయి. ఆ పెద్ద ఒళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వెనక్కి జరిగి నీళ్ల తొట్టి అంచున కూర్చున్నాడు.

మేడం మెల్లగా బల్ల దగ్గరికి వచ్చింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. వారంలో ప్రదర్శన మొదలు. ఇంకో ముద్ద లేదు, ఇంకో కత్తి రాదు. కత్తిని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఒరని చేతిలోకి తీసుకుంది. మొనని అందులో దించింది. సగం దాకా జారి, టక్కున ఆగింది. ఆవిడ ముఖం విప్పారింది.

"చూడండి! సరిగ్గా అలలున్నంత వరకూ బయట ఉంది. అప్పుడే దూయబోతున్నట్టు, సగం ఒరలో, సగం బయట. ఇలాగే అద్దాల పెట్టెలో పెడదాం. చాలా మ్యూజియాల్లో ఇలాగే పెడతారు. అందంగా కూడా ఉంటుంది. ఎవరికీ ఏ అనుమానమూ రాదు."

"భలే ఆలోచన మేడం" అని అన్న లేచి నిలబడ్డాడు. ఇప్పుడే నీళ్లలోంచి తల పైకెత్తినవాడిలా గాలి పీల్చుకున్నాడు.

"అదే కదా" అంది వదిన. "నాలుగు గోడల మధ్య జరిగింది నాలుగు గోడల మధ్యే ఉండిపోతుంది. టీ తాగండి, మళ్లీ వేడి చేసి తెచ్చాను."

మేడం కొత్త చీటీ తీసి కలం మూత విప్పింది. అన్న చెల్లెలి దగ్గరికి వచ్చి, ఎన్నో ఏళ్లుగా వాడని పిలుపు వెతికి తీసి, "ఏమంటావు చెల్లెమ్మా?" అన్నాడు.

చెల్లెలు ఒరని బల్లకి అదిమిపట్టి కత్తిని బయటికి లాగింది. కత్తినీ, చితకగా మిగిలిన అంగుళం ముక్కనీ మేడం ముందు పక్కపక్కన పెట్టింది. ఒరని కొలిమి గట్టు మీదికి నెట్టేసింది.

"ఒర అక్కర్లేదు మేడం గారూ. మొత్తం బయటే పెట్టండి, ఈ ముక్క కూడా పక్కన పెట్టండి. చీటీ మీద రాయండి: ఇక్కడిదాకా మా నాన్న ఉక్కు, ఇక్కణ్నుంచి మా అన్నయ్య మంట."